కాలు మేస్త్రీ ఒట్టు

“నాలుగు బండ్లు నాన్నా! ఈ ఒక్క నెలలో నాలుగు తిరిగొచ్చాయి. నలుగురికీ ఒకేసారి పిచ్చెక్కిందంటావా?”

“ఎక్కుండొచ్చు. ఈ చలికి మెదళ్ళు గడ్డకట్టుంటాయి. దానికి నేనేం చెయ్యను?”

“మీటరు పెట్టి చూడు. అంతే చెయ్యమంటున్నా.”

“నీ మీటరు తీసుకెళ్ళి టీ గ్లాసులో ముంచుకో. ముప్ఫై రెండేళ్ళుగా కాలుతో చూస్తున్నా. నా కాలు అబద్ధం చెప్పదే.”

“ముగ్గురు నీ తిట్లు తిని ఇంకో షాపుకి పోయారు. ఆ తెల్లబండి డ్రైవరొక్కడే ఇంకా మనల్ని పట్టుకుని వేలాడుతున్నాడు. రేపో మాపో అతనూ పోతాడు.”

“వాడెందుకొస్తాడే మళ్ళీ? మొన్న నేనే కాలు పెట్టి చూసి పంపా. నిప్పుల కుంపటిలా ఉంది లోపల. విను, ఇదిగో, ఈ స్పానర్ మీద ఒట్టు. వాడు గనక మూడోసారి ఈ షట్టరు కింద నుంచి దూరాడా, దీన్ని కింద పెట్టేస్తా. చచ్చేదాకా మళ్ళీ ముట్టుకోను. షాపు నువ్వే ఏలుకో!”

ఇనప బల్ల మీద స్పానర్ ఠంగుమంది.

అప్పటికే తెల్లబండి డ్రైవరు ఆ షట్టరు కింద నుంచి నడుము దాకా దూరి ఉన్నాడు.

చలికాలమంతా ఆ షాపు షట్టరు సగమే ఎత్తుతారు, చలిగాలి లోపలికి రాకుండా. వచ్చినవాడెవడైనా తల వంచి, నడుము వంచి దూరాల్సిందే. అలా వంగిన మనిషికి లోపలి మాటలన్నీ చెవిలో ఊదినట్టు వినిపిస్తాయి. ఇంకెవరైనా అయితే చప్పుడు చేయకుండా వెనక్కి జరిగి, ఓ పది నిమిషాలు వీధిలో తచ్చాడి వచ్చేవాళ్ళేమో. డ్రైవరుకి ఆ ఓపిక లేదు. అతనికి ఆ పొద్దున అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

“పెట్టేయండి మేస్త్రీ కింద!” అంటూ లోపలికొచ్చి నిటారుగా నిలబడ్డాడు. “మూడోసారి వచ్చా. హీటరు వేసినా కాళ్ళ దగ్గర వేడి లేదు.”

అతని కోపం వెనక ఓ మనిషి ఉంది. టీచరమ్మ. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నిలబడే పాఠం చెప్పి రెండు మోకాళ్ళూ అరగదీసుకున్నావిడ. రెంటికీ ఆపరేషనైంది. ఆదివారం తప్ప రోజూ పొద్దున్నే ఊరి ఆ చివర ఉన్న ఆస్పత్రికి వెళ్ళి, మోకాళ్ళు వంచే కసరత్తు చేసి రావాలి. నలభై నిమిషాల దారి. వెనక సీట్లో కాళ్ళు ముడుచుకోలేదు కాబట్టి ముందు సీట్లో కూర్చుంటుంది. చదువు మధ్యలో వదిలేసి స్టీరింగు పట్టుకున్న డ్రైవరుకి, రేపు ఉందని ధీమాగా చెప్పుకోగల కిరాయి అదొక్కటే. మిగతావన్నీ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు.

మొదటివారం ఆవిడ నవ్వుతూనే చెప్పింది. “నాయనా, నీ బండిలో మొహానికి ఎండాకాలం, కాళ్ళకి మంచుగడ్డ. నేనేమన్నా రెండు ముక్కలుగా పుట్టానా?” రెండో వారం నవ్వలేదు. ఇవ్వాళ పొద్దున దిగేటప్పుడు డోరు పట్టుకుని లేవబోయి, మోకాలు బిగుసుకుపోయి, మళ్ళీ సీట్లో కూలబడింది. కళ్ళలో నీళ్ళు. ఆ నీళ్ళతోనే అంది, “రేపు కూడా ఇంతే అయితే నువ్వు రావద్దు నాయనా. ఎదురింటాయన తన బండిలో దింపుతానంటున్నాడు.” కేకలేసుంటే బాగుండేది. కేకలకి కేకలతో జవాబు చెప్పడం అతనికి బాగా వచ్చు. ఏడ్చే ముసలావిడతో ఏం పోట్లాడతాడు? పోట్లాడాల్సిన మనిషి ఇక్కడున్నాడు కాబట్టి ఇటే తోలుకొచ్చాడు.

మేస్త్రీ కదల్లేదు. తెల్లటి మీసం, చెవుల మీదికి లాక్కున్న ఉన్ని టోపీ, గ్రీజు పట్టి నల్లబడిన స్వెట్టరు. డ్రైవర్ని కింది నుంచి పైదాకా చూసి, “నువ్వు అబద్ధమన్నా ఆడుతుండాలి, మతి తప్పయినా ఉండాలి,” అన్నాడు.

“లేదా మీకు తప్పుండాలి.”

“ఏంట్రా?”

“మతి.”

మేస్త్రీ కూతురు ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. ముప్ఫై దాటిన మనిషి. కరెంటు పని నేర్చుకొచ్చి, బండ్ల వైరింగు అంతా తనే చూస్తుంది. “తమ్ముడూ, బండి లోపలికి తీసుకురా. నాన్నా, నువ్వు నోరు మూసుకుని చూడు. తిట్టుకుంటే వేడి పుట్టేటట్టయితే మన షాపులో ఈపాటికి అందరికీ చెమటలు పట్టేవి.”

ఆమె షట్టరు పూర్తిగా ఎత్తింది. చలిగాలి గోడమీది క్యాలెండరుని ఎగరగొట్టింది.

కాలు మేస్త్రీ అంటే ఆ చుట్టుపక్కల తెలియనివాడు లేడు. ఇంజను మేస్త్రీలు వీధికి నలుగురుంటారు. హీటరు ముట్టుకునేవాడు మాత్రం దొరకడు. అదొక దరిద్రపు పని. డాష్‌బోర్డు కింద తలకిందులుగా దూరి, కనపడని చోట వేళ్ళతో వెతుక్కుంటూ, మెడ పట్టేసి, దుమ్మంతా కళ్ళలో పోసుకుంటూ చేయాలి. పెద్ద షాపుకి తీసుకెళితే “డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, వారం పడుతుంది” అంటారు. ఈయన డాష్‌బోర్డు విప్పడు. సందులోంచి చెయ్యి పోనిచ్చి గంటలో తేలుస్తాడు.

పని అయ్యాక చూసే పద్ధతి ఇంకా విడ్డూరం. మొదట్లో ఆయనా అందరిలా చేత్తోనే చూసేవాడు. పదేళ్ళు స్పానర్ పట్టేసరికి అరచేతులు కాయలు కాసి, వేడికీ వెచ్చదనానికీ తేడా తెలియకుండా పోయింది. అప్పుడు కాలు పెట్టి చూశాడు. పాదం రోజంతా బూటులో దాక్కుని ఉంటుంది కాబట్టి పసిపిల్ల బుగ్గలా ఉంటుందని ఆయన లెక్క. అప్పటి నుంచి బండి స్టార్టు చేయించి, బూటు విప్పి, మేజోడు విప్పి, ఉత్తకాలు డాష్‌బోర్డు కింద పెట్టి కళ్ళు మూసుకుంటాడు. “బొటనవేలికి వస్తోంది, మడమకి రావట్లేదు. తలుపు సగమే తెరుచుకుంది,” అంటాడు. ఆ తలుపు అంటే లోపల గాలిని మొహానికో కాళ్ళకో మళ్ళించే చిన్న రేకు. విప్పి చూస్తే సగమే తెరుచుకుని ఉండేది. ఒకసారి కాదు, వంద సార్లు.

ఆ పేరుతో పాటు కోపం కూడా పెంచుకున్నాడు. వేడి సరిగ్గా రావట్లేదని బూట్లతో కూర్చుని ఫిర్యాదు చేసిన ఒక పెద్దమనిషిని, “గొడుగేసుకుని వాన పడట్లేదంటావేంటయ్యా?” అని బండి దింపేశాడు. ఇంకొకాయన మీటరు తెచ్చి పెట్టబోతే, “మీ ఆవిడ వంట రుచి కూడా దీంతోనే చూస్తావా?” అన్నాడు. జనం నవ్వుకునేవాళ్ళు. పని బాగుంటే మనిషి కోపం కూడా ముచ్చటగానే ఉంటుంది. పని చెడ్డ రోజున అదే కోపం కంపు కొడుతుంది. ఈ నెలరోజులుగా కొడుతోంది.

కూతురు కొన్న వేడి కొలిచే మీటరు, చివర వైరు వేలాడే అరచేయంత డబ్బా, గోడకి మేకు మీద ఉండేది. ఆయన దానికి తన పాత టోపీ తగిలించేవాడు.

బండి లోపలికొచ్చింది. ఇంజను పది నిమిషాలు తిరిగింది. అద్దం మీద మంచు కరిగి నీళ్ళు కారాయి. డ్రైవరు ఇంజను వేడి ముల్లు సగం దాటేదాకా ఆగి, గాలి మీట కాళ్ళ బొమ్మ మీదికి తిప్పి, దిగాడు. “కూర్చోండి. మీ కాలే పెట్టండి. నాకేం అభ్యంతరం లేదు.”

మేస్త్రీ ముందు సీట్లో కూర్చుని కుడి బూటు విప్పాడు. మేజోడు లాగాడు. అది మడమ దగ్గర అంటుకుపోయి రాలేదు. విసుగ్గా గుంజితే చర్రుమని ఊడింది. పాదం డాష్‌బోర్డు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

కాసేపటికి కళ్ళు తెరిచి, గెలిచినవాడిలా చూశాడు. “నిప్పులు కురుస్తున్నాయి. ఇంకా ఏం కావాలి నీకు? కాళ్ళు వేపుకు తింటావా?”

డ్రైవరు అవతలి నుంచి వంగి, తన బూటు పీకి పారేసి, కాలు అదే చోట పెట్టాడు. ఇద్దరి పాదాలూ పక్కపక్కన. గాలి వస్తోంది. బండి బయట ఉండే గాలికీ దీనికీ తేడా ఏమీ లేదు. రేకుల షెడ్డు నేల మీద ఉత్తకాలు మోపినట్టుంది.

“మంచులా ఉంది,” అన్నాడు.

“నిప్పులా ఉందిరా!”

“మీరు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు కదా. అక్కా, ఆ మీటరు ఇలా తీసుకురా.”

కూతురు మేకు మీది పాత టోపీ తీసి బల్ల మీద పెట్టి, మీటరు పట్టుకొచ్చింది. మొహానికి గాలి వచ్చే పై జాలీ దగ్గర వైరు పెడితే యాభై రెండు డిగ్రీలు చూపించింది. కింద, తండ్రి బొటనవేలి పక్కన పెడితే పదకొండు.

“చెడిపోయింది,” అన్నాడు మేస్త్రీ.

“ఏది? మీటరా?”

“మీటరే! ఇంకేంటి?”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది!” డ్రైవరు గొంతు షెడ్డు రేకుల్ని తాకింది. “మూడుసార్లు మేస్త్రీ! రెండు మోకాళ్ళూ కోసి కుట్టించుకున్న మనిషి నా బండి డోరు పట్టుకుని ఏడ్చింది ఇవ్వాళ. మీ మాట నమ్మి, ‘బాగయిందమ్మా, మా మేస్త్రీ కాలు పెట్టి మరీ చూశాడు’ అని చెప్పా ఆవిడకి. రెండుసార్లు చెప్పా. మీ కాలు చచ్చిపోయింది. చచ్చిన కాలుతో చూసి జనాన్ని మోసం చేస్తున్నారు!”

మోసం అన్న మాట పడగానే మేస్త్రీ సీట్లోంచి కిందికి దూకాడు. ఒంటి కాలికి బూటు, ఒంటి కాలికి ఏమీ లేదు. “ఎవర్రా మోసం? ముప్ఫై రెండేళ్ళలో ఒక్కడి దగ్గరైనా తలవంచానా నేను? నా కాలు చచ్చిందా? ఈ కాలు...” అని ఆ పాదాన్ని నేలకేసి దబదబ కొట్టాడు. 

రేడియేటర్లలో పోయడానికి పెట్టుకునే నీళ్ళ బకెట్టు గోడ వారన ఉంది. రాత్రి చలికి పైన పల్చటి మంచు పెంకు కట్టి ఉంది. డ్రైవరు దాన్ని ఈడ్చుకొచ్చి ఆయన ముందు ధబేల్మని పెట్టాడు. నీళ్ళు చిందాయి, మంచు పెంకు పగిలింది.

“పెట్టండి ఇందులో. పెట్టి చెప్పండి.”

“నువ్వెవడివిరా నాకు పరీక్ష పెట్టడానికి?”

“భయమా?”

ఆ మాటకి కూతురు కూడా “తమ్ముడూ, చాలు,” అంది. కానీ మేస్త్రీ అప్పటికే కాలెత్తి, పగిలిన మంచు ముక్కల మధ్య చీలమండ దాకా దించేశాడు.

ఇంజను తిరుగుతూనే ఉంది. మేస్త్రీ మొహంలో మొదట కోపమే ఉంది. తర్వాత కనుబొమలు ముడిపడ్డాయి, ఏదో లెక్క తప్పినవాడిలా. ఒక మంచు ముక్క ఆయన పాదం మీద నుంచి జారి పక్కకి తేలింది. దాన్నే చూశాడు.

“మండుతోంది,” అన్నాడు. అరిచేవాడి గొంతు కాదది.

“నీళ్ళు వేడిగా ఉన్నాయా నాన్నా?”

“నీళ్ళ సంగతి తెలీదు. కాలు మండుతోంది. ఎప్పుడూ మండుతూనే ఉంటుంది.” తిట్టినట్టు అన్నాడు. “ఆర్నెల్ల నుంచి. దుప్పట్లోంచి కాళ్ళు బయట పెట్టుకుని పడుకుంటున్నా. అరికాళ్ళకి కారం రాసినట్టుంటుంది. వయసు కదా, ఉంటుందిలే అనుకున్నా.”

“డాక్టరు షుగరని చెప్పి రెండేళ్ళయింది. టీలో మూడు చెంచాలు వేసుకుంటావు. మందు డబ్బా సీలు కూడా తీయలేదు నువ్వు. ఇదంతా నాకెందుకు చెప్పలేదు?”

“చెప్తే ఏం చేస్తావే? నువ్వూ మీటరు పెట్టి చూస్తావు!”

డ్రైవరు బకెట్టులోకి చూస్తున్నాడు. మడమ దగ్గర్నుంచి సన్నటి ఎర్రటి పొగలాంటిది లేచి నీళ్ళలో కలుస్తోంది.

“అక్కా, రక్తం.”

కూతురు మోకాళ్ళ మీద కూర్చుని తండ్రి కాలు పైకెత్తి ఒళ్ళో పెట్టుకుంది. మడమ కింద చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. దాని మధ్యలో ఏదో మెరిసింది. టార్చి వేసి చూసింది. చిటికెన వేలి గోరంత ఇనప క్లిప్పు. రెండు కొక్కేలూ లోపలికి దిగి ఉన్నాయి. చుట్టూ నల్లగా కట్టింది.

“ఇది... మొన్న పోయిందన్నావే, ఆ క్లిప్పు.”

మేస్త్రీ వంగి చూశాడు. తన కాలి లోపల ఉన్నదాన్ని, ఎదుటివాడి బండిలో తప్పు చూసినట్టు చూశాడు. మొన్న డ్రైవరు రెండోసారి వచ్చినప్పుడు, లోపలి గొట్టం విప్పి బిగించేటప్పుడు ఈ క్లిప్పు చేతిలోంచి జారిపోయింది. హీటరు పెట్టెలోంచి వేడిగాలిని పాదాల దాకా తెచ్చే గొట్టాన్ని పట్టుకుని ఉండేది అదే. వెతికాడు, దొరకలేదు. “అది లేకపోయినా నిలబడుతుందిలే,” అని గొట్టాన్ని బలంగా నొక్కి వదిలేశాడు. తర్వాత కాలు పెట్టి చూశాడు. ఆ కాలి కిందే ఉంది క్లిప్పు. దిగింది. తెలియలేదు. మేజోడేసుకుని, బూటేసుకుని, రెండు రోజులుగా దాని మీదే నడుస్తున్నాడు.

“మొదటిసారి కూడా గొట్టం సరిగా కూర్చోలేదు,” అన్నాడు మెల్లగా. డ్రైవరుకి కాదు, తనకే. “మీట దగ్గర తీగ ఊడింది, అది తగిలించా. గొట్టం తిరిగి పెట్టేటప్పుడు కూర్చోలేదు. వేడంతా డాష్‌బోర్డు లోపలే పోతోంది. చెయ్యి తప్పు చెయ్యడం కొత్తేం కాదు. ఎవడి చెయ్యయినా చేస్తుంది. చెయ్యి తప్పు చేస్తే కాలు పట్టుకునేది.” అని గట్టిగా ఊపిరి పీల్చి, “దొంగ ముండాకాలు!” అన్నాడు.

చచ్చిన కాలు అని డ్రైవరన్న మాట ఇంకా షెడ్డులోనే ఎక్కడో వేలాడుతున్నట్టుంది. వెనక్కి తీసుకుందామంటే అది అబద్ధం కూడా కాదాయె. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. దాన్ని ఎవరి మీద దించాలో తెలియక, కాలుగాలిన పిల్లిలా బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

“పదండి ఆస్పత్రికి,” అన్నాడు చివరికి.

“ముందు నీ బండి.”

“నా బండి తగలబడిపోనీ!”

“నోర్ముయ్. నీ బండి నా చేతిలోంచి రెండుసార్లు చెడి బయటికి పోయింది. మూడోసారి చెడి పోనివ్వను. ఆ తర్వాత ఎక్కడికంటే అక్కడికి వస్తా.”

కూతురు సొరుగులోంచి నొక్కుడు పటకారా తీసి, దూదితో తుడిచి, పళ్ళు బిగపట్టి క్లిప్పు లాగింది. మేస్త్రీ అబ్బా అనలేదు. పక్కన నిలబడ్డ డ్రైవరే అన్నాడు. ఆమె గుడ్డ చుట్టి గట్టిగా కట్టింది. కళ్ళు తుడుచుకునే తీరిక లేక భుజానికి రుద్దుకుంది.

మేస్త్రీ చెయ్యి అలవాటుగా బల్ల మీది స్పానర్ దగ్గరికి పోయింది. సగం దారిలో ఆగింది.

“ఒట్టేశా కదా.”

“ఒట్టు తీసి గట్టు మీద పెట్టు నాన్నా! ఇప్పుడా నీ పౌరుషం?”

“వాడి ముందు వేశా. వాడు షట్టరు కింద వంగి విన్నాడు. వాడొచ్చాడు, కాళ్ళ దగ్గర వేడి లేదు. ఇంకేముంది? రేపు నా మాటకి విలువేముంటుందే?” స్పానర్‌ని వేలితో కూడా తాకకుండా, గడ్డంతో చూపించాడు. “నువ్వు తీసుకో. లోపలికి దూరు. వాడు టార్చి పడతాడు. నేను చెప్తా.”

కూతురు ఒక్క క్షణం తండ్రి మొహంలోకి చూసింది. స్పానర్ తీసుకుని డాష్‌బోర్డు కిందికి వెల్లకిలా దూరింది.

ఆయన స్టూలు మీద కూర్చుని, కాలు చాపుకుని, అరుపులు మొదలుపెట్టాడు. “ఎడమ! ఎడమంటే నీ ఎడమ కాదే, బండెడమ! పైకి పో. నల్ల గొట్టం తగిలిందా? దాని మూతి పట్టుకో. మూతికి గాడి ఉంటుంది, గాడి పైకి రావాలి. ఒరేయ్ డ్రైవరూ, టార్చి దాని కళ్ళలో కొడుతున్నావేంట్రా, గొట్టం మీద కొట్టు! నొక్కు. ఇంకా నొక్కు. టక్కుమనాలి. అన్నదా?”

“అన్నది!”

“ఇప్పుడు క్లిప్పు.”

“సొరుగులో కొత్తది ఉంది.”

“దాని క్లిప్పే దానికి పెట్టు. కడిగి పెట్టు. ఆ క్లిప్పు ఈ బండిదే, నాది కాదు.”

డ్రైవరు దాన్ని పెట్రోలు గిన్నెలో ఆడించి, తుడిచి అందించాడు. ఇంకోసారి టక్కుమంది. ఈసారి ముగ్గురికీ వినిపించింది.

మేస్త్రీ లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు. “నువ్వు పెట్టు కాలు,” అన్నాడు డ్రైవరుతో.

డ్రైవరు పెట్టాడు. మొదట చల్లగాలే. తర్వాత బొటనవేలి మీద పల్చగా, కడిగిన గిన్నె మీద మిగిలిన వేడిలా తగిలింది. అక్కడ్నుంచి వేళ్ళ సందుల్లోకి దిగి, పాదం మీదికెక్కి, ప్యాంటు అంచులోంచి పిక్క దాకా పాకింది.

“వచ్చింది.”

“వచ్చిందంటే? ఎలా వచ్చింది? గోరువెచ్చగానా, వేడిగానా? మడమకి వస్తోందా?”

“వేళ్ళకి ఎక్కువ. మడమకి కొంచెం తక్కువ.”

“ఎంత తక్కువ?”

“ఇదివరకు మీరు చెప్పేవారే, తలుపు సగం తెరుచుకుందని. సగం కాదు. కొంచెం బిగుసుంది.”

మేస్త్రీ అతని మొహంలోకి నమ్మకం లేకుండా చూశాడు. “అమ్మడూ, మీట దగ్గర తీగ అర అంగుళం వదులు చెయ్.” కూతురు వదులు చేసింది. మడమకీ వచ్చింది. మీటరు నలభై ఏడు చూపించింది. దాన్ని ముగ్గురిలో ఎవరూ పైకి చదవలేదు.

ఆస్పత్రికి ఆ బండిలోనే వెళ్ళారు. మేస్త్రీ ముందు సీట్లో, రోజూ టీచరమ్మ కూర్చునే చోట. కూతురు వెనక. డ్రైవరు ఆయన వైపు గాలి మూసేశాడు, గాయం మీద వేడి తగలకూడదని. ఆయన ఎక్కిన దగ్గర్నుంచీ తిడుతూనే ఉన్నాడు, ఎదురుగా వచ్చేవాళ్ళని, అడ్డంగా తిప్పేవాళ్ళని, డ్రైవరు గేరు మార్చే తీరుని. “అలా తొక్కితే క్లచ్చి ఆర్నెల్లుండదు. చదువెలాగూ వదిలేశావు, ఇదన్నా సరిగా నేర్చుకోరాదూ?” వెనక నుంచి కూతురు, “నాన్నా, అతను కట్టుతో సహా దింపేస్తాడు నిన్ను,” అంది. “దింపమను చూద్దాం,” అన్నాడు.

ఎర్ర దీపం దగ్గర బండి ఆగింది. మేస్త్రీ తిట్లు కూడా ఆగాయి. గుడ్డ చుట్టిన తన కాలి వైపు కాసేపు చూశాడు. తర్వాత డ్రైవరు కాళ్ళ వైపు చూశాడు. అవతల వేడిగాలి హుష్షుమని వస్తోంది.

“రేపు టీచరమ్మని ఎన్నింటికి దింపుతావు?”

“ఎనిమిదికల్లా. ఆవిడ రమ్మంటే.”

“రమ్మంటుంది. ఆవిడకి చెప్పు, తప్పు నీ బండిది కాదు, మేస్త్రీది అని. నా పేరే చెప్పు.” అడగడం అలవాటు లేని మనిషి కాబట్టి అది కూడా తిట్టినట్టే వచ్చింది. “ఆవిడని దింపాక షాపుకి రా. ఆ మిగతా ముగ్గురి ఇళ్ళూ అమ్మాయి చూపిస్తుంది. నువ్వే వెళ్ళి పిలుచుకురా. నేను పోతే తలుపు తీయరు, అంత తిట్టా. వాళ్ళ బండ్లు అమ్మాయి విప్పుతుంది, నేను స్పానర్ ముట్టను. నువ్వు బూటు విప్పి కాలు పెట్టు. పెట్టి, వేడి రాకపోతే రాలేదని చెప్పు. నా మొహం చూసి మాత్రం చెప్పకు.”